లివరు చెడినప్పుడు రక్త పరీక్షలు ఏం చెబుతాయి?

లివరు జబ్బుతో పేషెంటు చేరాడంటే, పొద్దున డాక్టరు గారి రౌండ్సు అయిన వెంటనే బంధువులు మా సిస్టర్లను అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "సిస్టరమ్మా, కామెర్లు ఎంతకొచ్చినయి?" నిన్న పద్నాలుగు, ఇవాళ పదమూడు అంటే ముఖాలు తేటపడతాయి. పదిహేను అంటే కళ్ళనీళ్ళు. ఇంకే అంకె గురించీ అడగరు. రిపోర్టు మడిచి కవర్లో పెట్టేస్తారు.

ఆ కాగితంలో ఇంకో పది అంకెలు ఉంటాయి. పేషెంటు కోలుకుంటాడా, ఇక్కడే ఉంచవచ్చా, ఈ రాత్రికే హైదరాబాదు పంపాలా అన్నది డాక్టరు గారు తేల్చుకునేది ఎక్కువగా ఆ మిగతా అంకెలు చూసే. వాటిలో ముఖ్యమైనవి ఏవి, అవి ఏం చెబుతాయి, ఎప్పుడు వాటి మాట పూర్తిగా నమ్మకూడదు అనే సంగతులు ఈ సంచికలో మాట్లాడుకుందాం. తిరుమలగిరి చుట్టుపక్కల ఉన్న మనకు ఇది మరీ అవసరం. పెద్దాసుపత్రి మన గుమ్మం ముందు లేదు. సూర్యాపేటకో జనగామకో పోవాలి, అక్కడినుంచి హైదరాబాదు పోవాలి. బండి ఎప్పుడు కట్టించాలో ముందుగానే తెలిస్తేనే ప్రయోజనం.

పసుపును కొలిచే అంకె

ఎర్ర రక్తకణం ఒక్కొక్కటి సుమారు 120 రోజులు బతుకుతుంది. అది చచ్చాక మిగిలే పసుపు పదార్థమే బిలిరుబిన్. లివరు (మనం మేక మాంసంలో కార్జం అంటాం చూడండి, అదే) ఈ పసుపును పట్టుకుని, నీళ్ళలో కరిగేలా మార్చి, పైత్యరసంలో కలిపి పేగుల్లోకి వదిలిపెడుతుంది. ఆ పని సాగకపోతే పసుపు రక్తంలోనే పేరుకుంటుంది. మామూలుగా ఇది 1 చుట్టుపక్కల ఉండాలి. 2, 3 దాటితే కళ్ళలో పచ్చదనం కనబడుతుంది.

బిలిరుబిన్ ముఖ్యం కాదని మేము అనడం లేదు. అయితే దాని మాట ఒక్కటే వింటే మోసపోతాం. లివరు గట్టిగానే ఉండి, పైత్యనాళంలో రాయి అడ్డుపడినా బిలిరుబిన్ ఇరవైకి పోవచ్చు. లివరు కోలుకోవడం మొదలుపెట్టిన తర్వాత కూడా పేరుకున్న పసుపు దిగడానికి వారాలు పడుతుంది. కలుషిత నీటివల్ల కామెర్లు వచ్చిన యువకుడు బిలిరుబిన్ పదిహేనుతో మంచం మీద కూర్చుని అన్నం తింటూ, సెల్ ఫోను చూసుకుంటూ బాగైపోతాడు. పక్క మంచం మీద ఇంకొకరు బిలిరుబిన్ ఎనిమిదితోనే మూడో రోజుకు మగతలోకి జారుకుంటారు. ఈ ఇద్దరికీ ఉన్న తేడాను చెప్పేది తర్వాతి అంకె.

గడ్డకట్టే శక్తి: ఐ.ఎన్.ఆర్.

గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను చాలావరకు లివరే తయారు చేస్తుంది. వాటిలో కొన్నిటి నిలవ చాలా తక్కువ. ఏడో నంబరు పదార్థం ఉంది, లివరు కొత్తది తయారు చేయడం ఆపేస్తే దాదాపు ఆరు గంటల్లోనే అది సగానికి పడిపోతుంది. అందువల్ల లివరు పని ఆగిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తం గడ్డకట్టే సమయం పెరుగుతుంది. ఆ సమయాన్ని ప్రోత్రాంబిన్ టైము అంటారు. ఏ ల్యాబులో చేసినా ఒకే కొలతకు వచ్చేలా దాన్ని లెక్కగట్టి ఇచ్చే అంకె ఐ.ఎన్.ఆర్. మామూలు మనిషికి 1 దగ్గర ఉంటుంది. కామెర్లు ఉన్నవారికి అది 1.5 దాటితే మేము జాగ్రత్తపడతాం. దానికి తోడు మనిషి మాటలో తేడా వస్తే, అప్పటివరకు లివరు జబ్బు లేనివారైతే, దాన్ని అక్యూట్ లివర్ ఫెయిల్యూర్ అంటారు.

దీనికి ఆల్బుమిన్ అనే పరీక్షతో పోలిక చెబితే బాగా అర్థమవుతుంది. ఆల్బుమిన్‌ను కూడా లివరే తయారు చేస్తుంది. కానీ దాని నిలవ సగం కావడానికి మూడు వారాల దాకా పడుతుంది. కాబట్టి ఐ.ఎన్.ఆర్. నిన్నటి రాత్రి వార్త చెబితే, ఆల్బుమిన్ పోయిన నెల వార్త చెబుతుంది. హఠాత్తుగా లివరు చెడినవారికి ఆల్బుమిన్ చక్కగా ఉండవచ్చు, దాన్ని చూసి ధైర్యపడకూడదు. ఏళ్ళ తరబడి తాగి లివరు గట్టిపడినవారికి మాత్రం ఆల్బుమిన్ తగ్గడం పాత జబ్బుకు సాక్ష్యం.

ఐ.ఎన్.ఆర్. కోసం రక్తం తీసే నీలం మూత గొట్టం గురించి ఒక మాట. అందులో రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం ముందే కొలిచి పోసి ఉంటుంది. దానికి తొమ్మిది వంతుల రక్తం పట్టాలి. గీత దాకా నిండకపోతే ఐ.ఎన్.ఆర్. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మళ్ళీ గుచ్చాలని సిస్టరు అన్నప్పుడు "ఎన్నిసార్లు తీస్తరమ్మా, ఉన్న రక్తమంతా మీరే తీస్తున్నరు" అని కోప్పడేవారు చాలామంది. తీసేది 3 మిల్లీలీటర్ల లోపే. సగం గొట్టంతో వచ్చిన తప్పు అంకెను నమ్మి మనిషిని హైదరాబాదుకు తరిమే కంటే ఇంకోసారి గుచ్చడమే మేలు. సెలైను ఎక్కుతున్న చేతినుంచి కూడా మేము రక్తం తీయం. సెలైను నీళ్ళు కలిసి అన్ని అంకెలూ తారుమారవుతాయి.

ఇంకో రెండు సంగతులు బంధువులకు తెలియాలి. ఐ.ఎన్.ఆర్. పెరిగిన ప్రతిసారీ లివరుదే తప్పు అనుకోకూడదు. ఆ గడ్డకట్టే పదార్థాలు తయారు కావడానికి విటమిన్ కె కావాలి. పైత్యరసం పేగులోకి రాకపోయినా, చాలా రోజులు తిండి లేకపోయినా ఆ విటమిన్ తగ్గుతుంది. అందుకే డాక్టరు గారు విటమిన్ కె ఇంజెక్షను ఇచ్చి మరుసటి రోజు మళ్ళీ చూస్తారు. దిగితే సంతోషం. దిగకపోతే అది లివరు మాటే. రెండోది ప్లాస్మా. "ప్లాస్మా తెచ్చి ఎక్కించండి, ఎంతైనా కడతాం" అని అడుగుతారు. ప్లాస్మాలో ఇంకొకరి లివరు తయారు చేసిన పదార్థాలుంటాయి. ఎక్కిస్తే ఐ.ఎన్.ఆర్. అందంగా కనబడుతుంది, లివరు మాత్రం అలాగే ఉంటుంది. రక్తస్రావం లేనప్పుడు డాక్టరు గారు ప్లాస్మా వద్దంటే, నిజం చెప్పే ఒక్క అంకెనూ మూసిపెట్టకూడదని ఆయన ఆలోచన.

కిడ్నీ అంకెకు ఇక్కడేం పని?

లివరు జబ్బుకు క్రియాటినిన్ పరీక్ష ఎందుకు చేస్తున్నారని చాలామంది అడుగుతారు. లివరు బాగా చెడినప్పుడు పొట్ట భాగంలో రక్తనాళాలు వదులై, కిడ్నీకి చేరే రక్తం తగ్గిపోతుంది. కిడ్నీలో రోగం లేకున్నా అది పని మానేస్తుంది. ఒంట్లో రెండు పెద్ద అవయవాలు ఒకేసారి ఆగిపోవడమంటే ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. అందుకే మూత్రం ఎంత వచ్చిందో మేము గంట గంటకూ రాస్తాం. ఆ డబ్బా పారబోయవద్దని మళ్ళీ మళ్ళీ చెప్పేదీ అందుకే.

ఇక్కడే ఒక హెచ్చరిక. లివరు చెడిన మనిషికి నడుము నొప్పి, కాళ్ళ నొప్పులని ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయిస్తారు. ఆ నొప్పి మందు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. క్రియాటినిన్ 1 ఉన్నవాడు రెండు సూదుల తర్వాత 2.5తో వస్తే ఎంత తేడా పడుతుందో కింది లెక్కలో చూడండి.

మూడు అంకెలు కలిపితే: మెల్డ్ స్కోరు

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2000లో ఒక లెక్క తయారు చేశారు. లివరు గట్టిపడి కడుపులో రక్తనాళాల ఒత్తిడి పెరిగినవారికి, ఆ ఒత్తిడి దింపడానికి లివరు లోపల గొట్టం అమర్చేవారు. ఆ పని తర్వాత ఎవరు బతుకుతారో ముందుగా అంచనా కట్టడానికి ఈ లెక్క పుట్టింది. మన దేశంలో వైద్యం చదివి వెళ్ళిన డాక్టర్ పాట్రిక్ కామత్ గారు, ఆయన తోటివారు 2001లో ఇదే లెక్క మిగతా లివరు రోగులకూ పనిచేస్తుందని చూపించారు. 2002 ఫిబ్రవరి నుంచి అమెరికాలో లివరు మార్పిడికి ఎవరిని ముందు పిలవాలో ఈ స్కోరును బట్టే నిర్ణయించడం మొదలైంది. దీని పేరు మెల్డ్. బిలిరుబిన్, ఐ.ఎన్.ఆర్., క్రియాటినిన్ అనే మూడు అంకెలనే తీసుకుంటుంది. స్కోరు 6 నుంచి 40 దాకా ఉంటుంది.

లెక్క చేతితో కట్టేది కాదు, కంప్యూటరు చేస్తుంది. కానీ దాని తీరు తెలుసుకోవడం మంచిది. బిలిరుబిన్ 6, ఐ.ఎన్.ఆర్. 1.8, క్రియాటినిన్ 1 ఉన్న ఒక పేషెంటును అనుకుందాం. స్కోరు 20 వస్తుంది. ఇప్పుడు మిగతావి కదలకుండా బిలిరుబిన్ ఒక్కటే 6 నుంచి 12కు పోయిందనుకోండి. ఇంట్లో వాళ్ళకు గుండె జారిపోతుంది. స్కోరు మాత్రం 22 అవుతుంది. అలా కాకుండా బిలిరుబిన్ ఆరులోనే ఉండి క్రియాటినిన్ 1 నుంచి 2కు పెరిగిందనుకోండి. కామెర్లు పెరగలేదని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారు. స్కోరు 26కు పోతుంది. ఐ.ఎన్.ఆర్. రెట్టింపైతే ఇంకా ఎక్కువ, 28 దాకా. మూడింటిలోనూ తక్కువ బరువున్న అంకెనే మనం రోజూ అడుగుతున్నాం.

ఆ స్కోరుకు అర్థమేమిటి? అమెరికాలో 1999 చివరి నుంచి 2001 చివరి వరకు లివరు మార్పిడికి పేరు రాయించుకున్న సుమారు మూడున్నర వేల మందిని గమనించి 2003లో ఫలితాలు ప్రచురించారు. 9 లోపు స్కోరున్నవారిలో మూడు నెలల్లో చనిపోయింది నూటికి ఇద్దరే. 10 నుంచి 19 ఉన్నవారిలో ఆరుగురు. 20 నుంచి 29 ఉన్నవారిలో ఇరవై మంది. 30 దాటితే సగానికి కొంచెం ఎక్కువ. 40కి చేరినవారిలో డెబ్బై ఒక్కరు.

ఈ లెక్కను రెండు వైపులనుంచీ చదవాలి. 40కి చేరినవారిలో కూడా ఇరవై తొమ్మిది మంది మూడు నెలలు దాటారు. 9 లోపు ఉన్నవారిలో కూడా ఇద్దరు పోయారు. మీ అయ్య ఆ నూరు మందిలో ఏ వైపు ఉంటాడో స్కోరు చెప్పలేదు, డాక్టరు గారూ చెప్పలేరు. "ఒక్క మాట చెప్పున్రి, బతుకుతడా లేదా" అని అర్ధరాత్రి వార్డులో చెయ్యి పట్టుకుని అడిగేవారికి మేము కూడా ఇదే చెబుతాం. స్కోరు జాతకం కాదు. ఇంకా ఎంత సమయం చేతిలో ఉంది, ఆ సమయంలో ఎక్కడికి చేరాలి అనేది చెప్పే మైలురాయి.

ఈ లెక్కలోనూ లోటు బయటపడింది. క్రియాటినిన్ కండనుంచి వస్తుంది. కండ లేని బక్కపలచని మనిషికి కిడ్నీ చెడినా క్రియాటినిన్ పెద్దగా పెరగదు. ఆడవాళ్ళకు ఇందులో అన్యాయం జరుగుతున్నదని గుర్తించి, 2023లో అమెరికాలో లెక్కను మార్చారు. స్త్రీలకు కొంత స్కోరు కలిపారు, ఆల్బుమిన్‌ను కూడా చేర్చారు. రక్తంలో సోడియం అంతకు ముందే 2016లో చేరింది. నాట్లు వేసి, కలుపు తీసి, నలభై కిలోల బరువుకు వచ్చిన మన అక్కలను చూసినప్పుడు క్రియాటినిన్ 1 అంటే మేము తేలికగా తీసుకోకపోవడానికి ఇదే కారణం.

ల్యాబు చెప్పనివి, ఇంట్లోవాళ్ళు చెప్పాల్సినవి

లండనులోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో 588 మంది అక్యూట్ లివర్ ఫెయిల్యూర్ రోగుల వివరాలు పరిశీలించి 1989లో కొన్ని గుర్తులు ప్రకటించారు. ఇప్పటికీ పెద్దాసుపత్రుల్లో వాటిని చూస్తున్నారు. ఐ.ఎన్.ఆర్. 6.5 దాటడం వాటిలో పెద్దది. అంత లేకపోయినా, కొన్ని గుర్తులు మూడు కలిసి ఉంటే ప్రమాదమే. వయసు పదేళ్ళ లోపు గానీ నలభై పైన గానీ ఉండడం, జబ్బు ఏదో మందువల్ల రావడం, ఐ.ఎన్.ఆర్. 3.5 దాటడం, బిలిరుబిన్ పదిహేడున్నర దాటడం వాటిలోవి. ఇంకొకటి, కళ్ళు పచ్చబడిన తర్వాత వారం దాటాక మతి తప్పడం.

ఈ చివరిది గమనించారా? ఇది ఏ గొట్టంలోనూ దొరకదు. కళ్ళు ఏ రోజు పచ్చబడ్డాయి, మాట ఏ రోజు తడబడింది అన్నది ఇంట్లోవాళ్ళే చెప్పాలి. వారం లోపలే హఠాత్తుగా మతి తప్పినవారికంటే, నెమ్మదిగా వారాలు లాగి మతి తప్పినవారే తక్కువగా కోలుకుంటారు. చూడడానికి ఉల్టా అనిపిస్తుంది గానీ నిజం. "మొన్ననే వచ్చింది సిస్టరమ్మా" అని ఒకరు, "పసరు పోయించి ఇరవై రోజులైంది" అని ఇంకొకరు అంటే డాక్టరు గారు ఏది నమ్మాలి? పసరు పోయించారని మేము ఎవరినీ తిట్టం. తేదీ నిజం చెప్పండి, అంతే.

మతి మారడం మొదట చిన్నగానే ఉంటుంది. పగలు పడుకుని రాత్రి మేలుకోవడం, బిడ్డ పేరు తడుముకోవడం, చేతులు ముందుకు చాపి ఉంచమంటే అరచేతులు పక్షి రెక్కల్లా టపటపలాడడం. వీటికి సంబంధించి అమ్మోనియా అనే పరీక్ష ఉంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 80 మంది అక్యూట్ లివర్ ఫెయిల్యూర్ రోగులను చూసి, చేరిన రోజు ధమని రక్తంలో అమ్మోనియా 124 మైక్రోమోల్స్, అంతకు మించి ఉన్నవారికి ప్రాణాపాయం ఎక్కువని 2006లో రాశారు. కానీ ఆ రక్తాన్ని ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకు చేర్చాలి, లేకపోతే గొట్టంలోనే అంకె పెరిగిపోతుంది. మన ఊరినుంచి జీపులో పంపిన నమూనాకు విలువ లేదు. కాబట్టి ఇక్కడ మాకు అమ్మోనియా కంటే, రాత్రంతా పక్కన కూర్చున్న భార్య చెప్పే మాటే ఎక్కువ పనికొస్తుంది.

చక్కెర పరీక్ష కోసం వేలు పదే పదే గుచ్చుతుంటాం. షుగరు జబ్బు లేదు కదా అంటారు. రాత్రిపూట రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది లివరే. అది పనిచేయకపోతే నిద్రలోనే చక్కెర పడిపోయి, లివరు మగత అని మనం అనుకుంటుండగానే మెదడు దెబ్బతింటుంది.

మంచి వార్తలా కనబడే చెడు వార్త

ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అనే రెండు అంకెలు కొందరు చదువుకున్న పిల్లలు బాగా పట్టుకుంటారు. ఇవి లివరు కణాలు పగిలినప్పుడు రక్తంలోకి కారే పదార్థాలు. 3000 నుంచి 400కు దిగాయంటే పండుగ చేసుకుంటారు. ఐ.ఎన్.ఆర్. కూడా దానితోపాటు దిగుతుంటే పండుగే. ఐ.ఎన్.ఆర్. పెరుగుతూ ఇవి దిగుతున్నాయంటే మాత్రం, పగలడానికి ఇంకా కణాలు మిగల్లేదని అర్థం. ఒక అంకెను ఒంటరిగా చదవవద్దని మేము చెప్పేది ఇందుకే.

మొదటి రోజు రిపోర్టు బాగుందని ఇంటికి పోకూడని సందర్భం ఇంకొకటి ఉంది. భాస్వరం కలిసిన ఎలుకల మందు పేస్టు పొరపాటున పిల్లలు నోట్లో పెట్టుకున్నా, పెద్దవాళ్ళు బాధలో మింగినా, మొదటి రోజు వాంతులు అయి తగ్గిపోతాయి. తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి హాయిగా తిరుగుతాడు. రక్త పరీక్షలు కూడా మామూలుగా ఉండవచ్చు. మూడో రోజు దాటాక లివరు కూలుతుంది. కాబట్టి లక్షణాలు లేకపోయినా వెంటనే తీసుకురావాలి, డాక్టరు గారు చెప్పినన్ని రోజులు ఉండి రోజూ ఐ.ఎన్.ఆర్. చేయించుకోవాలి. మనసు బాగాలేనివారు ఇంట్లో ఉంటే ఆ మందు ఇంట్లో ఉంచవద్దు. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు, దానికి డబ్బు కట్టనక్కరలేదు.

కల్లు, సారా, సీసా

మన వార్డుకు వచ్చే లివరు రోగుల్లో తాగుడువల్ల వచ్చినవారు చాలామంది. "సారా కాదు సిస్టరమ్మా, చెట్టు కల్లే" అంటారు. కల్లులో ఉన్నదీ అదే ఆల్కహాలు, లివరుకు చెట్టు తేడా తెలియదు. తాగుడువల్ల లివరు వాచి కామెర్లు వచ్చినవారికి 1978 నుంచి వాడుతున్న ఒక చిన్న లెక్క ఉంది, మాడ్రే అనే వైద్యుడి పేరుమీద. పేషెంటు ప్రోత్రాంబిన్ టైములోంచి మామూలు మనిషి టైము తీసేసి, మిగిలిన సెకండ్లను 4.6తో గుణించి, బిలిరుబిన్ కలపాలి. ఉదాహరణకు పేషెంటుది 20 సెకండ్లు, మామూలు 13, బిలిరుబిన్ 10 అనుకోండి. ఏడును 4.6తో గుణిస్తే 32, పది కలిపితే 42. ఈ లెక్క 32 దాటితే జబ్బు తీవ్రమైనదని అర్థం, నెల రోజులు గడవడమే గండం. అప్పుడు చీము, సూక్ష్మజీవుల జబ్బు లేవని చూసుకుని స్టెరాయిడ్ మందు మొదలుపెడతారు. ఏడో రోజు బిలిరుబిన్ ఎంత దిగిందో చూసి మందు కొనసాగించాలా ఆపాలా అని తేల్చే లెక్కను ఫ్రాన్సులోని లీల్ నగర వైద్యులు 2007లో ఇచ్చారు. బిలిరుబిన్‌కు నిజంగా విలువ వచ్చే చోటు ఇదే. చూడవలసింది ఒక రోజు అంకెను కాదు, వారంలో అది నడిచిన దారిని. ఐదో రోజున "తగ్గింది కదా, ఇంటికి పోతం" అని సంతకం పెట్టి వెళ్ళేవారు ఆ ఏడో రోజు పరీక్షను పోగొట్టుకుంటున్నారు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలం లాంటి మత్తు పదార్థాలు కలుపుతారని అందరికీ తెలిసిందే. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి ఒక్కసారిగా అది దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎందరో ఫిట్సుతో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల్లో చేరారు. లివరు చెడి మతి తప్పడం, మత్తు దొరక్క మతి తప్పడం పైకి ఒకేలా ఉంటాయి. వైద్యం వేరు. ఆ మత్తు మందులు మన దగ్గర చేసే మామూలు రక్త పరీక్షల్లో కనబడవు. చివరిసారి ఎప్పుడు తాగాడు, ఏ దుకాణం కల్లు, రోజుకు ఎన్ని సీసాలు అన్నది దాచకుండా చెప్పండి. ఆ మాట పోలీసులకు పోదు, కేసు షీటులోకే పోతుంది.

ఎవరికి అదే రోజు ఐ.ఎన్.ఆర్. చేయించాలి

గర్భిణికి కళ్ళు పచ్చబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు. మురుగు కలిసిన నీటితో వచ్చే హెపటైటిస్ ఇ, మిగతావారికి చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. చివరి మూడు నెలల గర్భిణికి వస్తే నూటికి 20 నుంచి 25 మంది చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2005లో మార్చి నుంచి ఆగస్టు వరకు హైదరాబాదులో ఈ జబ్బు పెద్దగా ప్రబలింది. మురుగు కాలువల పక్కనుంచే మంచినీటి పైపులు పోవడం అక్కడ బయటపడింది. వానాకాలంలో మన బోరు నీళ్ళు కాచి తాగమని మేము పోరు పెట్టేది ఊరికే కాదు.

టీబీ మందులు వాడేవారు కూడా అంతే. ఆ మందుల్లో కొన్ని కొందరి లివరుకు పడవు. ఆకలి చచ్చి, వాంతులై, మూత్రం పచ్చబడితే ఆ పూట మాత్ర వేసుకోకుండా అదే రోజు రండి. మొత్తం కోర్సును సొంతంగా మానేయవద్దు. ఏది ఆపాలో, ఏది మళ్ళీ మొదలుపెట్టాలో పరీక్ష చూసి డాక్టరు గారు చెబుతారు.

కామెర్లతో పాటు నిద్ర తారుమారైనా, చిగుళ్ళనుంచి రక్తం వచ్చినా, మూత్రం తగ్గినా పసరు కోసం ఆదివారం దాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి.

పెద్దాసుపత్రికి పంపమన్నప్పుడు

పంపించమని డాక్టరు గారు అన్నారంటే చేతులెత్తేశారని చాలామంది అనుకుంటారు. అది తప్పు. స్కోరు పెరుగుతున్నా మనిషి ఇంకా ప్రయాణం తట్టుకునే స్థితిలో ఉన్నప్పుడే పంపాలి. మతి పూర్తిగా తప్పి, బి.పి. పడిపోయాక అంబులెన్సులో మూడు గంటలు చాలా కష్టం. లివరు మార్పిడి అందరికీ కుదరదు, అందరికీ అవసరం కూడా పడదు. మరణించినవారి అవయవాలు అందేలా చూసే జీవన్‌దాన్ పథకం 2013 నుంచి నడుస్తున్నది. ఇంట్లో ఒకరు తమ లివరులో కొంత భాగం ఇచ్చే పద్ధతీ ఉంది, మన దేశంలో ఎక్కువగా జరిగేది అదే. తగినవారో కాదో పరీక్షించడానికే కొన్ని రోజులు కావాలి. ఆ రోజులు మిగలాలంటే ముందే చేరాలి.

ఖర్చు సంగతి మాకు తెలియనిది కాదు. పొలం కాగితాలు తాకట్టు పెట్టి వచ్చినవారిని చూస్తూనే ఉన్నాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన పక్క మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీ జబ్బుకు, మీరు పోయే ఆసుపత్రికి అది వర్తిస్తుందో లేదో బయలుదేరే ముందే అడిగి తెలుసుకోండి.

వెళ్ళేటప్పుడు ఈ కాగితాలు వెంట ఉండాలి. రోజువారీ రక్త పరీక్షలన్నీ తేదీల వరుసలో, చివరిది పైన ఉండేలా పెట్టండి. కొత్త డాక్టరు ముందుగా చూసేది రెండు రోజుల మధ్య తేడానే. విటమిన్ కె, ప్లాస్మా ఇచ్చి ఉంటే ఏ రోజు ఏ గంటకు ఇచ్చామో మేము రిఫరల్ చీటీ మీద రాసి ఇస్తాం, ఆ చీటీ పోగొట్టుకోవద్దు. ఊళ్ళో వాడిన మాత్రల ఖాళీ అట్టలు, పసరు మందు పొట్లం ఉంటే అవి కూడా తీసుకెళ్ళండి. ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సులు రెండేసి. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరు మనుషులు కూడా ఉంటే మంచిది. వారిలో ఒకరు పేషెంటు తాగుడు, తిండి, తేదీలు అన్నీ తెలిసిన మనిషై ఉండాలి.